తినే వస్తువులు లేవు

నేను ఒక చెక్కపెట్టెను. నాలో వచ్చిన వీణను కాదు, దాన్ని సముద్రం దాటించి మోసుకొచ్చిన పెట్టెను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ నన్ను దాటి లోపలికి తొంగిచూసినవాడే. మీరూ అందుకే వచ్చారని నాకు తెలుసు. వచ్చారు కాబట్టి కూర్చోండి. మీ మనుషులంటే నాకు సుతరామూ ఇష్టం లేదు, కానీ ఈ కథ చెప్పుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

విశాఖపట్నంలో గాజువాక దగ్గర ఒక ప్యాకింగ్ షెడ్డులో పుట్టాను. నా పలకలు పైన్ చెక్క, ఎక్కడి అడవిదో నాకూ గుర్తు లేదు. షెడ్డు నడిపే దాలినాయుడు నన్ను కొట్టేముందు నా పలకలన్నిటినీ ఒక ఇనప గదిలో పెట్టి తలుపు బిగించి వేడి పెట్టాడు. చెక్క నడిబొడ్డు దాకా యాభై ఆరు డిగ్రీలు ఎక్కాలి, ఎక్కాక అరగంట అలాగే ఉండాలి. అంత ఎక్కాలంటే గది డెబ్బై దాటాలి. నాలో కాపురం చేస్తున్న తొలుచుపురుగులు, వాటి పిల్లలు, వాటి గుడ్లు అన్నీ అందులోనే పోయాయి. ఆ తర్వాత నా పక్కన గోధుమ వెన్ను బొమ్మతో ఒక ముద్ర కాల్చారు. ఈ చెక్కలో పురుగు లేదు అని ఏ దేశపు రేవులోనైనా చెల్లే ముద్ర అది. మీలో ఎంతమందికి ఉంది అలాంటి ముద్ర?

అంత నిప్పులో స్నానం చేసి వచ్చినదాన్ని నేను. అందుకే తర్వాత జరిగినదానికి నాకు అంత మంట.

వీణను తెచ్చినవాడు కూర్మయ్య. బొబ్బిలి అవతల ఒక పల్లెలో వీణలు చేస్తాడు, డెబ్బై రెండేళ్ళవాడు. భార్య పైడితల్లితో కలిసి వ్యాను మాట్లాడుకుని, వీణను బొంతలో చుట్టి, దారిపొడుగునా ఇద్దరూ చెరో పక్క పట్టుకుని వచ్చారు. పసిపిల్లను ఆసుపత్రికి తెచ్చినట్టు తెచ్చారు. నన్ను మాత్రం మూలనుంచి కాలితో జరిపారు.

ఒకే పనసమానులోంచి తొలిచిన వీణ. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కానీ దాని విలువ చెక్కలో లేదట. వీణ మెడ పొడుగునా ఉండే దండి మీద రెండు వరసలుగా నల్లమైనం పోసి, అందులో ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు గుచ్చుతారు. ఒక్కో మెట్టూ ఎక్కడ నిలబడాలో కొలబద్ద చెప్పదు, చెవి చెప్పాలి. దాన్ని మేళం కట్టడం అంటారు. కూర్మయ్యకు ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిచెవి కూడా సెలవు పుచ్చుకుంటోంది. ఒకప్పుడు రెండు రోజుల్లో కట్టే మేళం ఈసారి పదకొండు రోజులు పట్టిందని అతనే దాలినాయుడికి చెప్పాడు. సిగ్గుపడుతూ చెప్పాడు. ఇక మీదట కట్టనని కూడా చెప్పాడు.

దాలినాయుడు ఫారం తీసి ఒక్కొక్కటే అడుగుతూ నింపుతున్నాడు. సరుకు ఏమిటి, బరువెంత, ఎక్కడికి. మారిషస్‌కి. విలువ ఎంత వెయ్యమంటావు అన్నాడు. కూర్మయ్య వీణ మీది బొంత సర్దాడు.

"ఇదే ఆఖరుది బాబూ" అన్నాడు.

దాలినాయుడు తనకు తోచిన అంకె ఏదో వేసుకున్నాడు. తర్వాత, తినే వస్తువులు ఏమైనా పెడుతున్నారా అని అడిగాడు. బియ్యం, పప్పు, పచ్చళ్ళు, ఆకులు, విత్తనాలు, ఏదీ ఉండకూడదు, ఆ దేశంవాళ్ళు పురుగుకి భయపడి చస్తారని హెచ్చరించాడు. కూర్మయ్య లేవన్నాడు. దాలినాయుడు 'తినే వస్తువులు లేవు' అని రాసి, మేకుల కోసం లోపలికి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళడమేమిటి, పైడితల్లి కొంగులోంచి చిన్న మూట తీసింది. పసుపుగుడ్డ, లోపల తమలపాకు, ఆకులో అక్షింతలు. వీణ కుండ కిందికి, నా అడుగు పలక మీదికి దాన్ని జాగ్రత్తగా తోసింది. కూర్మయ్య చూసి, తినేవి పెట్టొద్దన్నాడు కదే అని గొణిగాడు.

"ఇవి తినీవేటి?" అంది ఆవిడ. "నెత్తిన జల్లీవి. పిల్లని అత్తోరింటికి అంపుతూ అచ్చింతలు లేకుండా అంపుతామేటి? పసుపు కలిపాను, పురుగు పట్టదు."

కూర్మయ్య ఆలోచించాడు. నిజమే కదా అనిపించింది కాబోలు. పుట్టిన దగ్గర్నుంచీ అక్షింతలు తిన్నవాడిని అతను చూసి ఉండడు. వెళ్ళి ఫారం మీద సంతకం పెట్టేశాడు. అబద్ధమాడాడని అనను. మీ మనుషుల్లో అబద్ధాలాడేవాళ్ళతో నాకు అంత బాధ లేదు, వాళ్ళకి కనీసం భయం ఉంటుంది. నిజమనుకుని సంతకం పెట్టేవాళ్ళతోనే చచ్చే చావు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, పురుగు లేదని ముద్ర వేయించుకున్న నా కడుపులో పిడికెడు బియ్యం పెట్టి మేకులు కొట్టించారు.

ఓడ ప్రయాణం గురించి చెప్పమంటారా? నా మీద నాలుగువైపులా గాజుగ్లాసు బొమ్మ వేశారు, జాగ్రత్తగా ఎత్తమని. బాణం గుర్తు వేశారు, ఇటు పైకి ఉండాలని. కొలంబోలో ఓడ మార్చేటప్పుడు నన్ను ఆ బాణం నేల చూసేలా నిలబెట్టారు. సరుకులెత్తే బండివాడు ఒకడు తన బండి ఇనపకొమ్ము నా పక్కలోకి గుచ్చాడు. తర్వాత ఈ తప్పు ఎవరిదని అడిగితే అందరూ శాకాహారులే, రొయ్యలబుట్ట మాత్రం మాయం. బొమ్మలు వెయ్యడం వచ్చిన జాతికి వాటిని చూడ్డం ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ముప్పై నాలుగు రోజులు. ఉప్పుగాలి, ఉక్క. తమలపాకు కుళ్ళింది. ఆ తడికి పసుపు పని చెయ్యలేదు. పైడితల్లి ఇంటి డబ్బాలోంచి బియ్యంతోపాటే వచ్చిన ముక్కపురుగు గుడ్లు పగిలాయి. నా కడుపులో, నిప్పుతో కడిగిన నా పలకల మీద, ఆ పురుగులు ఊరేగడం మొదలుపెట్టాయి. ఒక్కొక్క కాలూ నాకు తెలిసింది.

పోర్ట్ లూయిస్ రేవులో నన్ను తనిఖీ షెడ్డుకి తెచ్చారు. వీణ తెప్పించుకున్న రోహిణి పెంటయ్య అప్పటికే వచ్చి నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ముత్తాత తండ్రి ఇదే సముద్రం దాటి చెరకుతోటల్లో కూలికి వచ్చాడట. ఆవిడ తెలుగు బడిలో నేర్చుకున్నది, పుస్తకంలా మాట్లాడుతుంది. శనివారాలు అక్కడి తెలుగు సంఘం హాల్లో వీణ చెబుతుంది. పద్దెనిమిదిమంది నేర్చుకునేవాళ్ళకి ఉన్నది ఒక్క వీణ, దాని మెడ కూడా విరిగి ఇనపపట్టీతో ఉంది. కూర్మయ్య చేతి మేళం కావాలని రెండేళ్ళుగా అతనికి ఫోన్లు చేస్తూ, కాదంటే బతిమాలుతూ, చివరికి ఒప్పించుకుంది. చేతిలో ఎర్ర పట్టుగుడ్డ తెచ్చుకుంది, వీణకు కప్పడానికి. నాకోసం ఏమీ తేలేదు.

తనిఖీ అధికారి పేరు అప్పాడు. గునపం పెట్టి నా మూత పీకాడు. నా ముద్ర చూశాడు, ఫారం చూశాడు, బాగానే ఉంది అన్నట్టు తల ఊపాడు. అప్పుడు వీణ తలదగ్గర చెక్కిన యాళి అనే సింహపు బొమ్మ నోట్లోంచి ఒక ముక్కపురుగు తీరిగ్గా బయటికొచ్చింది.

మూట దొరికింది. అప్పాడు చేతికి తొడుగు వేసుకుని దాన్ని విప్పాడు. రోహిణి ముందుకొచ్చింది. ఇవి ఆహారం కాదని, ఆశీర్వాదమని, పంపినవాళ్ళకి తెలియదని వాళ్ళ దేశపు క్రియోల్ భాషలో గబగబా ఏదో చెప్పబోయింది. అతను చెయ్యి ఎత్తి ఆపాడు. ఆ తర్వాతి మాట తెలుగులోనే అన్నాడు, కూడబలుక్కుని.

"ఇవి ఏమిటో నాకు తెలుసు మేడమ్. నా పెళ్ళిలో నా తల మీద పడ్డాయి. కానీ పురుగుకి ఆ సంగతి తెలియదు."

అతని మీద నాకు కోపం రాలేదు. ఆ షెడ్డులో నా భాష మాట్లాడినవాడు అతనొక్కడే. దారులు మూడున్నాయని చెప్పాడు. తగలబెట్టడం. వచ్చిన ఓడకే తిప్పి పంపడం. లేదా పెట్టెతో సహా వేడిగదిలో పెట్టడం, చెక్క నడిబొడ్డుకి యాభై ఆరు డిగ్రీలు, అరగంట. రేపు మధ్యాహ్నంలోగా చెప్పమన్నాడు.

రోహిణి నా అంచు మీదే కూలబడి బొబ్బిలికి ఫోన్ చేసింది. కూర్మయ్యకు వినపడటం కష్టం కాబట్టి ఇద్దరి మాటలూ ఆ షెడ్డంతా వినపడ్డాయి. అతను ఒక్కటే ప్రశ్న అడిగాడు, గది ఎంత వేడని. ఆవిడ చెప్పింది. మైనం నిలవదమ్మా అన్నాడు. మెట్లన్నీ రాలిపోతాయి. ఆవిడ అప్పటికే ఏడుస్తోంది. తిప్పి పంపేస్తాను, మీ మేళం మీ దగ్గరే క్షేమంగా ఉంటుంది, పురుగు పోయాక మళ్ళీ పంపుదురుగాని అంది. ఓడ ఖర్చు కూడా తనే పెట్టుకుంటానంది.

అవతల తలుపు వేసిన చప్పుడైంది. అతనికి వినపడలేదనుకుంది ఆవిడ. మళ్ళీ గట్టిగా చెప్పబోతుంటే అతను గొంతు తగ్గించి మాట్లాడాడు. చెవిటివాడు గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం.

"ఎనక్కొస్తే ఎందుకొచ్చిందని అడుగుతాది. దాని అచ్చింతల వల్లని తెలిస్తే అది బతికినన్నాళ్ళూ కుమిలిపోతాది. మేళం పోతే పోనీండమ్మా. ఆ గదిలోనే ఎట్టించేయండి."

పదకొండు రోజులు. ఆఖరి మేళం. ప్రపంచంలో ఇంకెవరి చెవీ అలా కట్టదని ఈవిడ రెండేళ్ళు వెంటపడిన మేళం. ముసలిదాని మనసు నొచ్చుకుంటుందని దాన్ని పొయ్యిలో పెట్టమన్నాడు. ఇలాంటి లెక్కలు నాకు అర్థం కావు. అందుకే మీతో నాకు పడదని మొదటే చెప్పాను.

మర్నాడు మమ్మల్ని ఇద్దర్నీ లోపల పెట్టి తలుపు బిగించారు. అప్పటికి అప్పాడు బియ్యాన్ని, ఆకును, గుడ్డను సంచిలో వేసి కాల్పించేశాడు, నన్ను మూలమూలా బ్రష్షుతో ఊడ్చాడు. నాకిది రెండోసారి కాబట్టి నేను హాయిగా పడుకున్నాను. నా పక్కన వీణ మాత్రం మొదటిసారి. ముందు మైనం మెత్తబడింది. తర్వాత కారింది. మెట్లు ఒక్కొక్కటీ పక్కకి ఒరిగి నా అడుగు పలక మీద పడుతుంటే టింగుమని చిన్న చప్పుడు. ఇరవై నాలుగూ లెక్కపెట్టాను. దాన్ని మోస్తున్నన్నాళ్ళూ ఏడ్చుకున్నదాన్ని, ఆ రోజు కొంచెం సంతోషించాలి. సంతోషం కలగలేదు. కారణం అడగకండి.

నాలుగు నెలలు గడిచాయి. రోహిణి నా అడుగున గడ్డకట్టిన మైనాన్ని కత్తితో గీకి, మళ్ళీ కరిగించి, దండి మీద పోసి తనే మేళం కట్టడానికి కూర్చుంది. ప్రతి ఆదివారం కూర్మయ్యకు ఫోన్ చేసి, మీటి వినిపించేది. అతను కుడిచెవి ఆనించి, ఇంకా నూలుపోగంత పైకి, కాదు కిందికి, అనేవాడు. సగంసార్లు అతనికి వినపడేది కాదు. అయినా ఇరవై నాలుగూ నిలబడ్డాయి. పై స్థాయిలో మూడు మెట్లు ఇప్పటికీ సరిగ్గా పలకవు. నేను చెప్పకపోయినా మీరు వింటే తెలుస్తుంది.

నన్నిప్పుడు హాల్లో గోడవారగా బెంచీలా వేశారు. మూత లేదు, దాని బదులు దుప్పటి మడత. వచ్చినవాళ్ళు నా మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటారు. ముద్ర ఉన్న పక్క గోడవైపు పెట్టారు. ఇంతకన్నా ఏం ఆశించను?

మేళం పూర్తయిన ఆదివారం ఫోన్‌లో కూర్మయ్య గొంతు బదులు మొదటిసారి ఆడగొంతు వినపడింది. మొగుడు పెరట్లోకి వెళ్తే చేతికి చిక్కిందట ఫోను.

"అమ్మా, నేను పైడితల్లిని. ఈయన్ని రోజూ అడుగుతున్నాను, అందే ఉంటాయిలే అంటాడు గానీ సరిగ్గా సెప్పడు. నేనెట్టిన అచ్చింతలు నీకు అందాయా?"

రోహిణి నా మీదే కూర్చుని ఉంది. ఆవిడ వేళ్ళకి ఇంకా నల్లమైనం అంటుకునే ఉంది, రెండు చోట్ల కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. వాటివైపే చూసుకుంటూ జవాబు చెప్పింది.

"అందాయి అమ్మా. తల మీద వేసుకున్నాను."

ఫారం మీద కూర్మయ్య సంతకం అబద్ధం కాదని ఇందాక ఒప్పుకున్నాను. ఇది మాత్రం అచ్చమైన అబద్ధమే. బియ్యం మొత్తం రేవులో బూడిదైంది, నా కళ్ళముందే తీసుకెళ్ళారు. గట్టిగా కిర్రుమందామనుకున్నాను.

కానీ ఒక సంగతి ఉంది. అడుగు పలకలు రెండూ కలిసే చోట, ఎడమ మూలన, నాకు సన్నటి సందు ఉంది. అప్పాడు బ్రష్షు అక్కడికి చేరలేదు. ఒక్క గింజ అందులో ఉండిపోయింది, పసుపు రంగులో. వేడిగదిలో కూర్మయ్య మైనం కారి దాని మీద పేరుకుంది. రోహిణి కత్తి కూడా అంత లోపలికి వెళ్ళలేదు. పురుగూ లేదు, తడీ లేదు, అలాగే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. అప్పాడు వచ్చి అడిగినా చెప్పను. తినే వస్తువులు లేవనే అంటాను.