బురుజు బార్ వెనక కిటికీ

చంద్రపూర్ పాతబస్తీలో, బిన్బా గేటుకు రెండు సందుల ఇవతల, కోటగోడ బురుజును ఆనుకుని ఒక బార్ ఉంది. బోర్డు మీద ఏ పేరున్నా జనం నోట అది బురుజు బారే. డెబ్బై మూడులో రామకిషన్ సేట్ దాన్ని తెరిచాడు. ఊళ్లో బార్లకు కొదవ లేదు గానీ, వచ్చిన గిరాకీని ఇక తాగింది చాలని ఇంటికి పంపే బార్ మాత్రం ఇదొక్కటే. మనిషి ఇంకా మత్తెక్కకముందే వెయిటర్ వెంకన్న వచ్చి, మాటా పలుకూ లేకుండా ముందున్న గ్లాసు బోర్లించి పోయేవాడు. ఆ పూటకు ఇక అంతే. బతిమాలినా, బెదిరించినా, మంత్రిగారి పేరు చెప్పినా ఆ గ్లాసు మళ్లీ లేచేది కాదు.

ఇంత పొగరున్న బార్‌కు ఎవరొస్తారని మీరనవచ్చు. ఇసుకేస్తే రాలనంత మంది వచ్చేవారు. సరుకులో కల్తీ ఉండేది కాదు. ఉల్లిగడ్డ తరిగి నిమ్మకాయ పిండిన ఉడికిన శనగలకు అంత పేరుండేది. అన్నిటికీ మించి సేట్ మహిమ ఒకటి. ఆయన మనిషి కళ్లలోకి ఒక్కసారి చూస్తే చాలు, ఇతనికి ఇవాళ ఒకటి పడుతుందో మూడు పడతాయో తెలిసిపోతుందట. థర్మల్ కాలనీలోని తెలుగు ఇంజనీర్లు కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్లను వెంటబెట్టుకొచ్చి మరీ ఆయన చూపును చూపించేవారు.

ఆ చూపు సంగతి గని డ్రైవర్ పెళ్లాం గౌరమ్మకు బాగా తెలుసు. సేట్‌కు కళ్లద్దాలు తీస్తే ఎదుటి మనిషి మీసాలు కూడా ఆనవు. ఉన్న మహిమంతా వెనక సందులో, ఖాళీ సోడా సీసాలు అందించే కిటికీ దగ్గర ఉంది.

బార్ తెరిచిన రెండో ఏడు మల్లమ్మ అనే ఆమె చంకలో జ్వరం బిడ్డతో ఆ కిటికీ దగ్గరికి వచ్చింది. ఈ ఒక్కనాటికి తన మొగుడికి పోయవద్దని, పొద్దున్నే బిడ్డను దవాఖానకు తీసుకుపోవాలని చెప్పుకుంది. సేట్ ఆమెను కసరలేదు, హితబోధా చేయలేదు. సరే తల్లీ అన్నాడు. ఆ సాయంత్రం మొదటి గ్లాసు బోర్లింది. తర్వాత ఇంకొకామె వచ్చింది. ఆమె వెనక మరో నలుగురు. మగవాళ్లకు ఈ సంగతి చెప్పకూడదని సేట్ వెంకన్న చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఆ మాట కిటికీ దాటి హాల్లోకి పోలేదు. తన అమ్మకాన్ని తానే తగ్గించుకుని, ఆ గొప్ప ఎవరికీ చెప్పుకోనివాణ్ని ఏమనాలి? గౌరమ్మ దేవుడికి దండం పెట్టేటప్పుడు సేట్‌ను కూడా కలిపి పెట్టేది.

ఆమె భర్త సమ్మయ్య సాస్తి బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. మంచివాడే. కాకపోతే ఆ మంచితనం మూడో గ్లాసు దాకానే ఉండేది. అందుకని ఆమె పదకొండేళ్లుగా కిటికీ దగ్గరికి పోయి వెంకన్నకు వేళ్లు చూపించి వచ్చేది. ఒక రోజు ఒకటి, ఒక రోజు రెండు. పిల్లల పరీక్షలప్పుడు పిడికిలి మూసి చూపేది.

తొంభై ఆరులో సేట్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాగపూర్‌లో చదువుకున్న కొడుకు అక్షయ్ గల్లా మీద కూర్చున్నాడు. కొత్త రోడ్డు మీద వారానికో ఏసీ బార్ పుట్టుకొస్తున్న రోజులవి. అక్షయ్ కూడా ఏసీ తెప్పించాడు, గోడకు కలర్ టీవీ పెట్టించాడు, ముందు అద్దాల తలుపు బిగించాడు. చల్లదనం బయటికి పోకుండా వెనక కిటికీకి ఇటుకలు కట్టించేశాడు. అది ఏం కిటికీయో చెప్పడానికి తండ్రికి నోరు లేదు. నోరున్న వెంకన్నకు ఒట్టు అడ్డం.

గౌరమ్మ సందులోకి వచ్చేసరికి సిమెంటు ఇంకా తడిగానే ఉంది. గనికి కొత్తగా ఇంటెత్తు డంపర్లు వచ్చాయి. మర్నాడు పొద్దున ఆరింటికి సమ్మయ్యకు వాటి మీద పరీక్ష. నోట వాసన లేకుండా, చెయ్యి వణక్కుండా నిలబడితే పెద్ద బండి అతనిది. లేకపోతే చేతిలో ఉన్న పాత బండి కూడా పోతుంది. సమ్మయ్య అప్పటికే బార్‌లో కూర్చున్నాడు. పిచ్చిదానిలా ఇటుకలను రెండుసార్లు తట్టి చూసి, కొంగు నడుముకు చుట్టి, ముందు వీధిలోకి నడిచింది.

అద్దాల తలుపు తోసేసరికి చలిగాలి మొహానికి కొట్టింది. పదిహేను టేబుళ్ల మగవాళ్లు తలలెత్తి చూశారు. అక్షయ్ గబగబా ఎదురొచ్చాడు.

"కాయ్ ఝాలం కాకూ? ఏమైంది చిన్నమ్మా, ఏం గావాలె?"

"గా కిటికి మూసిన్రు గదా బిడ్డా, గందుకే గిట్లొచ్చిన," అంది గౌరమ్మ. "మా ఆయనకు ఇయ్యాల ఒక్కటే."

సమ్మయ్యకు రెండోది పోయడానికి వంగిన వెంకన్న సీసా పక్కన పెట్టి, ఇరవై ఏళ్ల అలవాటుకొద్దీ గ్లాసు బోర్లించాడు.

అందరికంటే ముందు విషయం అర్థమైంది థర్మల్ ఇంజనీర్ గిరిధర్‌కు. మా ఆవిడ సుచరిత కూడా వచ్చేదా అని వెంకన్నను అడిగాడు. వెంకన్న పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. హాలంతా గొల్లుమంది. సమ్మయ్య మాత్రం నవ్వలేదు. అతనికి తల తీసేసినట్టయింది.

"ఎన్నేండ్ల సంది?" అన్నాడు.

"పదకొండు."

"సేట్ నా కండ్లు జూసి జెప్తుండనుకున్న."

"నీ కండ్లు జూసింది నేను," అంది గౌరమ్మ.

అక్షయ్ తండ్రి వైపు తిరిగాడు. మూలన చక్రాల కుర్చీలో ఉన్న రామకిషన్ సేట్, బాగున్న ఎడమ చేత్తో తన మంచినీళ్ల గ్లాసు తీసుకుని, మెల్లగా బల్ల మీద బోర్లించాడు. నీళ్లు ఒళ్లోకి కారాయి. అది చూసి కొడుకు ఒక కుర్చీ తెచ్చి తలుపు పక్కన, గౌరమ్మ ముందు వేశాడు. ఆ కుర్చీని ఆ తర్వాత ఎవరూ అక్కణ్నించి జరపలేదు. ఏ ఇంటి ఆడమనిషి వచ్చినా అందులో కూర్చుని, చెప్పాల్సింది చెప్పి పోయేది. కోపగించుకుని కొత్త రోడ్డుకు పోయినవాళ్లలో చాలామంది నెల తిరక్కుండానే శనగల కోసం వెనక్కి వచ్చారు.

సమ్మయ్య పరీక్ష నెగ్గాడు. నెగ్గి కూడా భార్యతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నలుగురిలో అతని పరువు తీసింది నిజమే కదా అని గౌరమ్మ కూడా కుమిలిపోయింది. పెట్టిన అన్నం తిని అతను ఇంట్లోనే పడుకునేవాడు. బార్ వైపు తొంగి కూడా చూడలేదు.

ఐదో రోజు సాయంత్రం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, గడప మీద కూర్చుని చెప్పులు వేసుకున్నాడు. లేచి నిలబడ్డాడు గానీ కదలలేదు. వెనక్కి తిరిగి చూడకుండానే అడిగాడు.

"ఎన్ని?"

గౌరమ్మ జొన్నపిండి కలుపుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతి నిండా పిండి. "గిటు జూడు," అంది.

అతను తిరిగి చూశాక, ఆ పిండి చేత్తోనే రెండు వేళ్లు చూపించింది.