దొరకు రెండు సూదులు

మా పిల్లికి చక్కెర జబ్బు వచ్చిందని డాక్టరమ్మ చెప్పిన రోజు నేను నవ్వాను. భయం వేస్తే నాకు ముందు నవ్వే వస్తుంది. మా ఆయన పోయిన రోజు కూడా నవ్వుమొహంతోనే నిలబడ్డానని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అక్క అంటే తోడబుట్టినది కాదు, తోడికోడలు. అన్నదమ్ములిద్దరూ మమ్మల్ని చెరొక ఇంటి నుంచి తెచ్చి ఒకే కప్పు కింద పెట్టి, ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మేమిద్దరం, మూడో అంతస్తులో రెండు గదులు, ఒక కుట్టుమిషను, ఈ పిల్లి మిగిలాం.

పిల్లి పేరు దొర. పని చేయడు, పిలిస్తే పలకడు, వేళకు అన్నీ అమరాలి. అందుకే ఆ పేరు. అలాంటివాడు చలికాలం మొదట్లో బకెట్లో తల దూర్చి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. తిన్నది తిన్నట్టే ఉన్నా వెన్నెముక చేతికి తగలసాగింది. పరీక్ష చేసి డాక్టరమ్మ ఇన్సులిన్ రాసింది. పొద్దున ఏడింటికి సూది మీద రెండు గీతల దాకా మందు, సాయంత్రం ఏడింటికి రెండు గీతలు, కడుపులో తిండి పడ్డాక.

సూది వేసేది నేను. పట్టుకునేది అక్క. ముప్పై ఏళ్ళుగా బట్టల దుకాణాలకు పొడుగులు తగ్గించి, నడుములు బిగించి ఇస్తున్న మనిషి. వేలి చివర సూది దిగినా ఉఫ్ అని ఊది పని చేసుకుంటుంది. మందు సూది కనబడితే మాత్రం మొహం గోడవైపు తిప్పేస్తుంది.

"గుడ్డకు నొప్పి ఉండదే" అంటుంది.

ఇక్కడ మా పోట్లాటల గురించి చెప్పాలి. మాకు మాటలు ఆగిపోతే అవసరమైన సంగతులన్నీ దొరకు చెప్పుకుంటాం. "దొరా, పాలు పొంగుతున్నాయని ఆవిడకు చెప్పు" అంటుంది అక్క. "దొరా, నాకూ కళ్ళున్నాయని చెప్పు" అంటాను నేను. వాడు మధ్యలో కూర్చుని కాలు నాక్కుంటూ ఉంటాడు. ఒకసారి పదకొండు రోజులు ఇలాగే కాపురం చేశాం.

ఆ ఆదివారం సాయంత్రం సూది దిగగానే వాడు గట్టిగా అరిచాడు. అంతకుముందు ఎప్పుడూ అరవలేదు. అక్క పట్టు వదిలేసింది.

"ఎన్నాళ్ళే ఈ గుచ్చుడు? పదమూడేళ్ళు బతికాడు. వాడి మానాన వాణ్ణి పోనివ్వరాదూ?"

"నీకు అలవాటేగా. నీ మరిది విషయంలోనూ ఇదే అన్నావు."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆసుపత్రిలో ఆయన ఒంటినిండా గొట్టాలు పెట్టినప్పుడు, ఇంటికి తీసుకెళ్దాం, ఆయన మంచం మీద ఆయన్ని పడుకోనిద్దాం అని అక్క అంది. తీసుకొచ్చాం. నాలుగో రోజు పోయారు. అది మంచిమాటేనని నాకు తెలుసు. తెలిసే అన్నాను.  అక్క చీర దులుపుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి ఏడవుతోంది. అక్క అప్పటికే మిషను ముందు కూర్చుంది, నావైపు వీపు పెట్టి. దొర వంటగది కిటికీ గట్టు మీద ఉన్నాడు. గిన్నెలో తిండి సగం అయింది. ఈవిడ పట్టుకోవడానికి రాదులే అనుకుని, ఫ్రిజ్ తలుపులోంచి మందు సీసా తీశాను. అరచేతుల మధ్య దొర్లించి, రెండు గీతలు లాగి, మెడ మీద చర్మం పైకెత్తి ఒక్కదాన్నే వేసేశాను. వాడు నావైపు గుర్రుగా చూసి దూకి మంచం కిందకు పోయాడు. ఇక మాటలు మోసేవాడే మంచం కింద ఉంటే మాటలెక్కడివి? నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. మిషను ఆగి ఆగి నడుస్తోంది.

తొమ్మిదిన్నరకు దొర బయటికి వచ్చాడు. నాలుగడుగులు వేసి వెనక కాళ్ళు పక్కకు జారి కూలబడ్డాడు. మళ్ళీ లేచాడు. తాగినవాడిలా తూలుతూ మిషను కిందకు వెళ్ళి గడ్డం నేలకు ఆనించాడు.

అక్క వంగి చూసింది. "ఏం దొరా, నేను వేసిన సూదికి ఇంతగా అలగాలా? మొదటిసారి కదా, చెయ్యి కాస్త తిరగలేదు. నీ యజమానురాలికి చెప్పు, దాని స్నానం అయ్యేలోపే పని అయిపోయిందని."

నా చేతిలో చేట జారి బియ్యం నేలపాలైంది.

"అక్కా, నువ్వు వేశావా?"

"చెప్పు దొరా, వేశానని..."

"దొరతో కాదు, నాతో చెప్పు! వేశావా?"

అక్క నావైపు తిరిగింది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "వేశానే. ఆరూముప్పావుకు. ఏం?"

"నేనూ వేశాను."

మా ఇద్దరికీ డాక్టరమ్మ మాట ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. మందు తక్కువైతే నెమ్మదిగా చూసుకోవచ్చు, ఎక్కువైతే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది అని మొదటి రోజే వేలు చూపించి చెప్పింది. అక్క మిషను కింద నుంచి దొరను లాగి ఒళ్ళోకి తీసుకుంది. ఈ జన్మలో మందు సూది ముట్టని మనిషి, నేనన్న మాటకు బదులుగా తనంతట తాను లేచి వేసింది. నేను ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఆమె ఒక్క మాట అన్నా సరిపోయేది.

డాక్టరమ్మకు ఫోను చేశాను. మూడోసారికి పలికింది.

"రెండుసార్లు పడిందా? తేనె ఉందా ఇంట్లో?"

"చక్కెర ఉందమ్మా."

"చిక్కగా కలపండి. చిగుళ్ళకు పూయండి, గొంతులో పోయొద్దు. పూస్తూనే తీసుకురండి. ఆగొద్దు."

దొర చిగుళ్ళు చల్లగా ఉన్నాయి. వేలు పెట్టినా కరవలేదు. కరవకపోవడమే నాకు ఎక్కువ భయమేసింది. అక్క కుట్టాల్సిన బట్టలన్నీ బుట్టలోంచి నేలమీద కుమ్మరించి, వాణ్ణి అందులో పడుకోబెట్టింది. ఎవరివో పెళ్ళికి వేసుకోవాల్సిన కోటు పైన కప్పింది. మెట్ల మీద తను బుట్ట మోస్తూ ముందు, నేను చక్కెర గిన్నె పట్టుకుని వెనక. రెండో అంతస్తులో ఎవరో తలుపు తీసి, "ఏంటండీ పొద్దున్నే ఊరేగింపు?" అన్నారు. మేం ఆగలేదు.

ఆటోలో ఉండగా దొర మూతి ఒక పక్కకు లాగింది. ముందు కాళ్ళు గాలిలో ఈదుతున్నట్టు కొట్టుకున్నాయి. నేను కళ్ళు మూసుకున్నాను. అమ్మ పోయేటప్పుడు నేను పక్క గదిలో ఉన్నాను. ఆయన పోయేటప్పుడు నీళ్ళు తేవడానికి లేచాను. ఎవరు వెళ్ళినా నేను తల తిప్పిన క్షణంలోనే వెళ్ళారు.

"కళ్ళు తెరువే" అంది అక్క. "పూయి. గిన్నె నీ దగ్గరే ఉంది."

తెరిచాను. పూశాను. వేళ్ళూ బుట్టా కోటూ అన్నీ బంకబంకైపోయాయి.

ఆసుపత్రిలో వాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. చెవి దగ్గర చుక్క రక్తం తీస్తే చక్కెర ముప్పై నాలుగుకు పడిపోయింది. కాలికి సన్న గొట్టం పెట్టి ద్రవం ఎక్కిస్తున్నారు. మేం బయట బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా పంజరంలో చిలకతో ఒకాయన కూర్చున్నాడు. ఆ చిలక మమ్మల్ని చూసి "ఏం కావాలి?" అంటూ పదే పదే అడిగింది. మూడోసారికి అక్క, "పిల్లి కావాలి, ఇస్తావా?" అంది. ఆయన పంజరాన్ని అటు తిప్పుకున్నాడు.

గంట తర్వాత డాక్టరమ్మ తలుపు దగ్గరకు వచ్చింది. కాళ్ళు కొట్టుకోవడం ఆగిందని, ఇంకా ఏమీ చెప్పలేనని అంది. "రెండుసార్లు ఎలా వేశారు? ఎవరు వేశారు?"

నేను నోరు తెరిచేలోపే అక్క లేచింది. "నేనేనమ్మా. మతిమరుపు మొహాన్ని. వేసింది మరిచిపోయి మళ్ళీ వేశాను. దీని తప్పేం లేదు."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "అయితే ఇకమీదట ఆవిడ చేతికి మందు ఇవ్వకండి. సీసా మీ దగ్గరే ఉంచుకోండి."

నేను తల ఊపాను. అవును, ఊపాను. దొరను నా చేతుల్లోంచి ఎవరైనా తీసేసుకుంటారేమోనన్న భయం ముందు నాకు ఇంకేమీ కనబడలేదు. అక్క కూర్చుని చీర అంచు మీద అంటిన చక్కెర గోటితో గీకుతోంది. ఆ గోటి కింద నల్లగా నెత్తురు గడ్డ ఉంది. పొద్దున సూది ముందు తన వేలికే దిగినట్టుంది.

డాక్టరమ్మ వెళ్ళిపోతుంటే పిలిచాను.

"అమ్మా, ఇద్దరం వేశాం. ఆవిడొకటి, నేనొకటి. రాత్రి నుంచి మాకు మాటల్లేవు."

"మాటల్లేకపోవడమేంటి? ఒకే ఇంట్లో ఉంటారుగా?"

"ఉంటాం. పిల్లితో చెప్పుకుంటాం."

ఆవిడ ఒక్క క్షణం మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆ పిల్లి లోపల ఉంది. అది కోలుకునేదాకా మీరే మాట్లాడుకోండి" అని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం రెండింటికి చక్కెర నూటపదికి ఎక్కింది. దొర తల ఎత్తాడు. మూడింటికి నర్సును గీరాడు. ఆ గీత చూపించడానికి ఆ అమ్మాయి నవ్వుతూ బయటికి వస్తే, నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రం మందు వద్దని చెప్పి దొరను మాతో ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున వాడు బాగా తింటే ఒక్క గీత మాత్రమే వేయమన్నారు. నాకు రాత్రంతా ఆ ఒక్క గీతే కళ్ళ ముందు ఆడింది. ఏడింటికి సీసా తీసి సూదిలోకి మందు లాగాను. గీత కనిపిస్తోంది, మళ్ళీ కనిపించడం లేదు. ఒకటా, రెండా? గాలిబుడగా, మందా? సూది బల్ల మీద పెట్టేశాను.

"అక్కా, నా వల్ల కాదు. నువ్వు వెయ్యి."

"నేనా? నిన్ననేగా చంపబోయాను."

"ఇద్దరం కలిసి చంపబోయాం. నేను పట్టుకుంటాను. ముందు పైకి చదువు, ఎన్ని గీతలు?"

అక్క అద్దాలు ముక్కు మీదకు జార్చుకుని సూదిని కిటికీ వెలుగుకు ఎత్తింది. "ఒకటి."

"ఇంకోసారి చదువు."

"ఒకటే. నువ్వూ చూడు."

చూశాను. ఒకటే. దొరను ఒళ్ళో అదిమి పట్టుకున్నాను. నా అరచేతి కింద వాడి గుండె దడదడలాడుతోంది. నాది అంతకంటే గట్టిగా కొట్టుకుంటోంది. అక్క వాడి మెడ మీద చర్మం పైకెత్తింది. ఈసారి గోడవైపు చూడలేదు.

"వేస్తున్నానే" అంది.

"ఊఁ" అన్నాను.