రెండో తాళం

పాత భజన తాళాలు కొనే ముందు జానకిరామయ్యకి చూపించడం శ్రీకాకుళం చుట్టుపక్కల భజన మేళాలవాళ్ళకి అలవాటు. గుడిలో నాదస్వరం వాయించే ఇంట పుట్టి, ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పిన మనిషి. ఈసారి తనకే ఒక జత కావాలనుకున్నాడు. శ్రీముఖలింగం దగ్గర ఒక ఇంట్లో అమ్ముతారని తెలిసి, వైశాఖమాసపు ఎండలో బస్సు దిగి నడిచి వెళ్ళాడు.

అమ్మే ఆమె పేరు కుమారి. నలభై ఏళ్ళుంటాయి. చాప వేసి, మజ్జిగ ఇచ్చి, తువ్వాలులో చుట్టిన కంచు తాళాలు రెండూ ముందు పెట్టింది.

ఆయన వాటిని వెలుగులో తిప్పి చూశాడు. ఒకదాని వీపంతా సుత్తి దెబ్బల గుంటలు. తాడు దూర్చే కన్నం ఏళ్ళ రాపిడికి ఒక పక్కకి సాగింది. అంచు చుట్టూ గోరు జరిపితే ఎక్కడా తట్టుకోలేదు. పగులు లేదు. రెండోది మాత్రం నున్నగా, తేలిగ్గా ఉంది.

“ఇవి జత కాదమ్మా. ఇది పాత కంచు, చేత్తో కొట్టింది. అది మొన్నమొన్న బజార్లో కొన్నది. దీని అసలు జతేదీ?”

“ముందు వాయించి సూడండి మాస్టారూ.”

పాతదాన్ని తాడు పట్టి వేలాడదీసి, కొత్తదాని అంచుతో మెల్లగా తాకించాడు. మోత లేచి చాలాసేపు నిలిచింది. ఎంతసేపు నిలుస్తుందో విని, అరచేత్తో పట్టి ఆపేశాడు. చేతిలో కంపనం ఆగింది.

మోత ఆగలేదు.

కిటికీలోంచి, వంశధార ఏటి వైపు నుంచి సన్నగా వస్తోంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఆపాడు. ఒక క్షణం గడిచాక మళ్ళీ అదే వచ్చింది. ప్రతిధ్వని అనుకుందామంటే శ్రుతి వేరు. జత తాళాల్లో ఒకటి వెంట్రుకవాసి తక్కువ పలికేలా చేస్తారు. కిటికీలోంచి వచ్చింది ఆ తక్కువ శ్రుతి.

ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కుమారి ఆయన మొహంలోకే చూస్తోంది.

“మీకూ ఇనబడిందా?” అంది. “నాకొక్కదానికే అనుకున్నాను. పిచ్చి పట్టిందనుకున్నాను. అమ్మడానికి కాదు మాస్టారూ, సెవి ఉన్న మనిషి ఒకరు వచ్చి ఇంటారని అమ్ముతానన్నాను.”

మూడేళ్ళ కిందట ఆమె భర్త దేవేంద్ర అవతలి ఒడ్డుకి భజనకి బయల్దేరాడు. తొందరలో ఒక తాళం ఇంట్లోనే మర్చిపోయాడు. సగం దారిలో గుర్తొచ్చి, తెచ్చుకుంటానని ఒక్కడే వెనక్కి తిరిగాడు. ఆ సాయంత్రమే వంశధారకి వరదొచ్చింది.

“మనిషి దొరకనేదు. పర్లాకిమిడి బస్సులో ఎవరో సూసినారంట. అక్కడ ఎవత్తితోనో ఉన్నాడని మా బావే ఊరంతా సెప్పినాడు. కొత్తది కొని జత కట్టి ఉంచినాను, వస్తాడేమోనని.”

జానకిరామయ్యకి వెళ్ళిపోవాలనిపించింది. కాళ్ళు మాత్రం ఏటి వైపు నడిచాయి. ఆమె కూడా వచ్చింది. ఎండకి ఇసుక మెరుస్తోంది, కనుచూపుమేరలో మనిషి లేడు. పది అడుగులకోసారి ఆగి తాళం కొట్టడం, పట్టి ఆపడం, వినడం. జవాబు ప్రతిసారీ దగ్గరవుతోంది. రెల్లుపొదల పక్కన ఇసుక మేట మీద కొట్టినప్పుడు, అది అరికాళ్ళలోంచి వచ్చింది.

ఇద్దరూ చేతులతో తవ్వారు. తడి ఇసుక మోచేతి దాకా వచ్చాక ఆయన వేళ్ళకి అంచు తగిలింది. చిలుమెక్కి పచ్చగా ఉంది. అదే సుత్తి పని, అదే సాగిన కన్నం. అంచు నుంచి మధ్య బొడిపె దాకా నిలువునా పగిలిపోయి ఉంది. ఆయన వేలితో కొట్టి చూశాడు. పెంకు ముక్క కొట్టినట్టు టక్కుమంది.

“ఇది మోగదమ్మా,” అన్నాడు. “ఇలా పగిలింది మోగే వీల్లేదు.”

దాని నైలాన్ తాడు ఇంకా కిందికి, ఇసుకలోకి దిగి ఉంది. లాగబోయాడు. బిగుసుకుంది.

“లాగకండి,” అంది కుమారి. “అది ఆయన సెయ్యి.”

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. ఆయన ఊళ్ళోకి పరుగెత్తాడు. గంటలో పోలీసులూ పారలతో మనుషులూ వచ్చారు. వాళ్ళ వెనకే కుమారి బావ, దేవేంద్ర అన్న గణపతిరావు వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. ఎముకల మణికట్టుకి చుట్టుకుని తాడు బయటపడింది.

కుమారి లేచి గణపతిరావు వైపు తిరిగింది.

“సూడు బావా. మీ తమ్ముడు ఎక్కడికీ ఎల్లనేదు. ఇంటికే వస్తన్నాడు.”

గణపతిరావు చెప్పులు విడిచి ఇసుకలోకి దిగి, తవ్వుతున్నవాడి చేతిలోంచి పార తీసుకున్నాడు.