నాలుగు చెవుల మైకు

జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో కురుమల దేవుడు బీరప్ప పండుగ రికార్డు చేయడానికి నేను తీసుకుపోతున్న మైకును చూసి మా రేడియో ఆఫీసు వాళ్లే నవ్వారు. 1984 సంగతి. చూడ్డానికి ఒకటే మైకు, లోపల నాలుగు చెవులు. ఆ పద్ధతిని యాంబిసోనిక్ అంటారు. ఏ శబ్దం ఎటునుంచి వచ్చిందో దిక్కుతో సహా టేపు మీదికి ఎక్కిస్తుంది. తర్వాత తీరిగ్గా కూర్చుని మీట తిప్పి, కావలసిన వైపు వినొచ్చు. ఒగ్గుడోలు వాళ్లు గుండ్రంగా నిలబడి వాయిస్తుంటే మామూలు మైకు ఎవరి ముందు పెట్టాలి? మనిషికొకటి పెడితే తీగలు కాళ్లకు చుట్టుకుని పడిపోరా? ఎంత చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

దాన్ని వాళ్ల నడుమ నిలబెట్టాను. అంతా బాగానే సాగింది గానీ, చివర్లో దరువు చెదిరింది. మేళంలో అంతయ్య అనే అతని డోలు ఒక్కటే వేరుగా మోగింది.

మరునాడు పొద్దున మేళం పెద్ద సిద్దిరాములు అందరి ముందూ అనేశాడు: "అంతయ్యా, రేపటి సంది నువ్వు మేళంల లేవు."

అంతయ్య డోలు దించి పక్కన పెట్టాడు. చిన్నప్పటినుంచీ ఆ మేళమే అతని బతుకు. నాకు ఒళ్లు మండింది. బడి అరుగు మీద టేపు పెట్టి, అందరినీ పిలిచాను. నా దగ్గరున్నవి రెండే స్పీకర్లు, ఆ మైకు టేపుకు అవీ సరిపోతాయి. మీటను సిద్దిరాములు వైపు తిప్పాను. అతని దరువు తప్పింది. పక్కవాళ్ల వైపు తిప్పాను. వాళ్లూ అతనితోపాటే తప్పారు. అంతయ్య వైపు తిప్పాను. దరువు ఎక్కడా చెదరలేదు.

"ఇప్పుడు చెప్పు పెద్దాయనా, తప్పిందెవరు?" గెలిచినట్టే అడిగాను.

"నేనే. గది నాకు గప్పుడే ఎరుక," అన్నాడు సిద్దిరాములు. "నేను తప్పితె అందరు నాతోని తప్పాలె సారూ. గట్లయితె దేవుని ముందట మేళం ఒక్కటే ఉంటది. గీడొక్కడే తప్పలే. నన్ను నలుగుర్ల తప్పినోన్ని జేసి నిలవెట్టిండు."

అంతయ్య తల వంచుకున్నాడు. "తెల్వక గాదు సారూ. చెయ్యి ఇనలే."

"మల్లొక్కసారి వెట్టుండ్రి," అన్నాడు సిద్దిరాములు. "అంతయ్య దిక్కే."

పెట్టాను. చివరిదాకా విన్నాడు. కళ్లు తుడుచుకుని, దరువు తప్పిన తన ముసలి కుడిచేతిని చూసుకున్నాడు.

"అంతయ్యా, రేపటి సంది మేళం ముందట నువ్వే నిలవడు."

అంతయ్య బెదిరిపోయాడు. "నేను తప్పితె?"

"మేమందరం నీతోని తప్పుతం," అన్నాడు సిద్దిరాములు.