ఒర్నెల్లా నడిపితే లేచే గోడలు

శనివారం పొద్దున్నే ఎవాజియో బండి తుడిచేవాడు. ముందు ఇత్తడి దీపాలు, తర్వాత రేడియేటరు మూత, ఆఖరున తలుపులు. వంటింటి కిటికీలోంచి ఒర్నెల్లా కాఫీ అందించేది. అతను నిలబడే తాగి, కప్పు మెట్టు మీద పెట్టి, మళ్ళీ గుడ్డ అందుకునేవాడు. ఎండెక్కేలోపు ఇద్దరూ స్టేషను దగ్గరికి వెళ్ళి, అక్కడ కాచుకున్న యాత్రికుల్ని ఎక్కించుకునేవాళ్ళు. టురిన్‌లో తొలినాటి కార్లు పుట్టిన వీధులన్నీ వాళ్ళకి తిప్పి చూపించడం ఆ మొగుడూపెళ్ళాల జీవనం.

బండి గరీల్యో అన్నదమ్ముల కార్ఖానాలో తయారైంది, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందెప్పుడో. ఎవాజియో తాత కొన్నాడు, తండ్రి కాపాడాడు, ఎవాజియో దానికి మళ్ళీ ప్రాణం పోశాడు. ఇంజను విప్పి బిగించాడు. చక్రాలకి కొత్త ఆకులు వేయించాడు. ఒక చలికాలమంతా గరాజులో కూర్చుని వెనక సీటు తోలు తన చేత్తో కుట్టుకున్నాడు.

ఆనాటి కార్ఖానాల్లో చాలావాటికి ఇప్పుడు ఆనవాలు కూడా లేదు. ఒకచోట అపార్టుమెంట్లు, ఒకచోట బడి, గరీల్యో వాళ్ళ స్థలంలో సూపర్‌మార్కెట్టు. ఎవాజియో పాత ఫోటో ఎత్తి పట్టుకుని, "ఇదిగో, సరిగ్గా ఇక్కడే" అనేవాడు. యాత్రికులు ఫోటోని చూసి, సూపర్‌మార్కెట్టుని చూసి, మర్యాదకి తలూపేవాళ్ళు.

అతని తండ్రి రోజుల్లో ఫోటోల అవసరం ఉండేది కాదు. ఆయన నడిపితే కూల్చేసిన కార్ఖానాలు ఎక్కడివక్కడ లేచి నిలబడేవి. ఇంజను చప్పుడు వినబడినంతసేపూ ఉండి, బండి మలుపు తిరిగాక పోయేవి. పేట జనానికి అది వానా ఎండా లాంటిదే. ఎవాజియో చేతికి స్టీరింగు వచ్చాక మాత్రం ఒక్క ఇటుకా లేవలేదు. "బండి ఇంకా నాకు మచ్చిక కాలేదు" అనేవాడు మొదట్లో. తర్వాత ఆ మాటే ఎత్తడం మానేశాడు.

ఆ వసంతంలో గరాజు మెట్ల మీద జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఒర్నెల్లా పాతికేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి.

"నేను నడుపుతా. నువ్వు పక్కన కూర్చుని చెప్పు" అంది.

మొదటి శనివారమే, సాన్ పావొలో పేట మలుపు తిరిగేసరికి గరీల్యో కార్ఖానా లేచి నిలబడింది. ఎర్ర ఇటుక గోడలు, ఆకాశంలోకి పొగగొట్టం, తలుపుల్లేని కార్లు వరసగా. సూపర్‌మార్కెట్టులో టమాటాలు ఏరుకుంటున్న ఆడవాళ్ళు బుట్టలు పట్టుకుని లేత్ మిషన్ల మధ్య నిలబడిపోయారు. "కాస్త ఓపిక పట్టండమ్మా, బండి పోనివ్వండి" అంది బిల్లులు కొట్టే అమ్మాయి. ఎదురు మేడ మీద ఒక ముసలావిడ ఆరేసిన దుప్పట్లు గబగబా లోపలికి లాక్కుంది, మసి పడుతుందని.

"లేచింది చూశావా" అంది ఒర్నెల్లా, సంతోషంగా.

ఎవాజియో చేతిలో ఫోటో అలాగే ఉంది. "రోడ్డు చూసి నడుపు" అన్నాడు.

ఆ రోజునించి అతనికి అన్నం సయించలేదు. ప్రతి మరా తన చేత్తో బిగించిన బండి అది. ఆవిడకి కార్బ్యురేటరు ఎక్కడుందో కూడా తెలియదు. అలాంటిది ఆవిడ కూర్చోగానే ఊరు ఊరంతా లేచి నిలబడడమేమిటి? దీనికి తోడు కాఫీ బారులో స్నేహితుడు తీనో ఊరుకునేవాడు కాదు.

"ఒరేయ్ ఎవాజియో, మీ ఆవిడ నడిపితే గోడలు లేస్తాయి, నువ్వు నడిపితే పొగ లేస్తుంది. ఎవరి వాటా వాళ్ళది, బాధపడకు."

"నీ కాఫీ చల్లారుతోంది, తాగు" అనేవాడు ఎవాజియో.

అంతటితో పోయినా బాగుండేది. గరీల్యో కార్ఖానాలో తోలు పనివాళ్ళ గది వీధి వైపుకి ఉండేది. బండి వెళ్ళినప్పుడల్లా ఆ కిటికీ దగ్గరికి ఒక పనివాడు వచ్చి నిలబడేవాడు. చక్కటి మీసం, మోచేతుల దాకా మడిచిన చొక్కా. టోపీ తీసి ఒర్నెల్లాకి నమస్కరించేవాడు. ఒర్నెల్లా తల ఊపేది. మూడో వారానికి ఆవిడ మెడలో కొత్త ఆకుపచ్చ స్కార్ఫు కనబడింది.

"ఎవడు వాడు?" అన్నాడు ఎవాజియో, ఇంటికొచ్చాక.

"నాకేం తెలుసు? పలకరిస్తాడు, పలకరిస్తాను."

"వాడు పోయి ఎన్నేళ్ళయిందో తెలుసా?"

"అలాంటివాడంటే నీకెందుకు భయం?"

అతను గరాజులోకి వెళ్ళిపోయాడు. రాత్రి భోజనం దగ్గర ఉప్పు అందించమని కూడా అడగకుండా చప్పిడి సూపు తాగాడు. ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. ఎంత తగ్గాయంటే, బండిలో యాత్రికులకి చెప్పే మాటలే వాళ్ళు ఒకరి నోట ఒకరు వినే మాటలయ్యాయి.

భుజం కుదురుకోగానే ఎవాజియో స్టీరింగు తీసుకున్నాడు. ఒక్క గోడా లేవలేదు. హాలండు నించి వచ్చిన జంట సూపర్‌మార్కెట్టు ముందు చాలాసేపు కాచుకున్నారు. "నడిపే ఆవిడ ఇవాళ సెలవా?" అని ఆయన మెల్లగా అడిగాడు. ఎవాజియో కిందికి దిగి, బండి ముందునించి చుట్టూ తిరిగి వచ్చి, భార్యకి సీటు వదిలేశాడు. ఒర్నెల్లా స్కార్ఫు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది. అదే అతనికి ఎక్కువ మండింది.

ఆవిడ వెనక్కి తిప్పి మళ్ళీ వచ్చింది. కార్ఖానా లేచింది. మీసాలవాడు కిటికీలోకి వచ్చి టోపీ తీశాడు.

"ఆపు" అన్నాడు ఎవాజియో.

"ఇక్కడ దిగకూడదనేవాడు కదా మీ నాన్న."

"ఆపమన్నానా?"

ఆవిడ ఆపింది. అతను దిగి, గేటు దాటి, తిన్నగా లోపలికి వెళ్ళిపోయాడు.

ఒర్నెల్లా ఇంజను ఆపకుండా కూర్చుంది. వెనక సిటీ బస్సు వచ్చి ఆగింది, దాని వెనక ఇంకొకటి. ట్రాఫిక్ పోలీసు దగ్గరికొచ్చి, "సిన్యోరా, బండి తీయండి, దారి మూసుకుపోయింది" అన్నాడు.

"మా ఆయన లోపలున్నాడు."

"ఒక చుట్టు తిరిగి రండి. ఆయనెక్కడికి పోతాడు?"

ఎక్కడికి పోతాడన్నదే ఆవిడకి తెలియలేదు. బండి కదిలింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే సూపర్‌మార్కెట్టు ఉంది, బుట్టలతో ఆడవాళ్ళున్నారు, ఎవాజియో లేడు. హాలండు ఆవిడ ముందుకు వంగి ఒర్నెల్లా భుజం మీద చెయ్యి వేసింది.

లోపల తోలు గదిలో మీసాలవాడు ఎద్దు చర్మమొకటి బల్ల మీద పరుచుకోలేక అవస్థ పడుతున్నాడు. ఎవాజియోని చూడగానే, "వచ్చావా? ఆ చివర పట్టుకో" అన్నాడు. ఎవాజియో ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాడు. కానీ తోలు జారిపోతుంటే చేతులు ఊరుకోలేదు. పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి సాగదీసి మేకులు దిగ్గొట్టారు.

అప్పుడడిగాడు. "నా భార్యని చూసి టోపీ ఎందుకు తీస్తావు?"

"బండి నడిపే ఆడమనిషి ఎదురైతే టోపీ తీయకుండా ఉంటానా? మా ఇంట్లో అలా పెంచలేదు" అన్నాడతను. తన పేరు సెకోందో అని చెప్పాడు. నేల చూపులు చూస్తూ, "నేను చూసేది ఆవిణ్ణి కాదు. వెనక సీటుని" అన్నాడు.

"సీటునా?"

"ఆ సీటు మొదట కుట్టింది నేను. తర్వాత ఎవరో విప్పి మళ్ళీ కుట్టారు. ఆ మూల మడత చూశావా? ముడత అన్నది లేదు. నా చేతికి ఎన్నడూ అలా రాలేదు. వారం వారం చూడకూడదనుకుంటాను, మళ్ళీ వచ్చి నిలబడతాను. ఎవడో గాని, వాణ్ణి తల్చుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

ఎవాజియో అతని మొహం కేసి చూశాడు. కళ్ళ కింద నలుపు, బిగిసిన దవడ. ఆ మొహం అతనికి కొత్త కాదు. రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ చూసుకునేదే.

"నేనే" అన్నాడు.

సెకోందో మూలకి వెళ్ళాడు. కత్తిరించిన తోలు ముక్కా, సూదీ తెచ్చి అతని ముందు పెట్టి, "ఏదీ, చూపించు" అన్నాడు.

ఒర్నెల్లా చుట్టు తిరిగి వచ్చేసరికి కార్ఖానా గేటు దగ్గర ఎవాజియో తోలు తొడుగు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ బ్రేకు తొక్కింది. అతను బండెక్కి, వేళ్ళ మీది దారపు మైనం గీక్కుంటూ, "వాళ్ళకి ఒక మనిషి తక్కువయ్యాడట" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆమెతో అతనన్న మొదటి మంచి మాట అది.

అప్పట్నించి శనివారాల్లో ఆవిడ అతన్ని గరీల్యో గేటు దగ్గర దింపి, మిగతా ఊరు చూపించి, తిరుగు దారిలో ఎక్కించుకునేది. యాత్రికులకి చెప్పేదీ ఆవిడే అయింది. ఎవాజియో ఈల వేసుకుంటూ ఇంటికొచ్చేవాడు. తీనో ఎన్ని అన్నా నవ్వేవాడు. ఒక శనివారం ఎవాజియో గేటు దాకా వచ్చి, బండెక్కకుండా నిలబడ్డాడు.

"ఎవరో దొర బండికి సీట్లు తొందరగా కావాలట. ఈ వారం ఇక్కడే ఉంటాను. వచ్చే శనివారం రా."

"తిండి?"

"సెకోందో చెల్లెలు మద్దలేనా వండి పంపుతుంది. మొక్కజొన్న పిండితో పోలెంటా ఎంత బాగా చేస్తుందనుకున్నావు."

ఒర్నెల్లా సరేనని వచ్చేసింది. ఆదివారం ఇల్లు కడిగింది. సోమవారం పోలెంటా వండింది, అడుగంటింది. అతను ఇంతకుముందే ఆ వంట తిని ఉంటాడు, లేకపోతే బాగా చేస్తుందని ఎలా తెలుసు? మద్దలేనా వయసెంతో అడగలేదే. జుట్టు ఏ రంగో. మంగళవారమంతా అదే ఆలోచన. పోయినావిడ అని తనకి తాను చెప్పుకుంది గానీ, ఆ మాట మనసుకి ఎక్కలేదు.

శనివారం దాకా ఆగలేకపోయింది. గురువారమే బండి తీసింది.

ఎవాజియో పళ్ళ మధ్య దారం పట్టుకుని గేటులోకి వచ్చాడు. "ఇవాళ గురువారం కదా" అన్నాడు.

"తెలుసు. ఎక్కు."

అతను భార్య మొహం చూశాడు. కళ్ళ కింద నలుపు, బిగిసిన దవడ. దారం నోట్లోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. వంతెన దాటాక అతను ఆవిడ స్కార్ఫు ముడి సరిచేశాడు.

శుక్రవారం పొద్దున్నే ఒర్నెల్లా అతన్ని మళ్ళీ గేటు దగ్గర దింపింది. ఇకమీదట రోజూ దింపుతానంది. మిగతా కార్మికులు సైకిళ్ళు తోసుకుంటూ లోపలికి పోతున్నారు. గుడ్డలో కట్టిన మధ్యాహ్నం భోజనం ఎవాజియో చేతిలో పెట్టింది.

"సాయంత్రం సైరను కొట్టేసరికి ఇక్కడుంటాను" అని గేరు మార్చింది. "లోపల ఎవరేం పెట్టినా తినకు."