వెడ్నెస్‌డే

కీర్తిశేషులైన ఇంగ్లీషు ప్రొఫెసరుగారి పేరిట కాలేజీలో పెట్టిన స్కాలర్‌షిప్ అందుకుంటూ, ఆ అమ్మాయి మైకులో "వెన్స్‌డే" అనాల్సింది పోయి "వెడ్నెస్‌డే" అనేసింది. అదేదో కొంపలు మునిగే నేరమైనట్టు, పక్కనే నిలబడ్డ ప్రొఫెసరుగారి కొడుకు నవ్వుతూ ఆ పిల్ల చెవి పట్టుకుని మెలిపెట్టాడు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అచ్చం నాన్నగారి పోలికే," అని ప్రిన్సిపాల్ మురిసిపోయాడు. హాలంతా గొల్లున నవ్వింది.

వేదిక మీదున్న ప్రొఫెసరుగారి భార్య నాలుక, పెళ్ళైన కొత్తలో ఇదే మాటకి మొగుడి చేతిలో ఊడిన పన్ను సందులోకి వెళ్ళింది. ఆవిడ లేచి, బల్లమీది ఇత్తడి షీల్డు ఎత్తి కొడుకు మూతి పగలగొట్టింది. ముందుపళ్ళు నెత్తురుతో సహా సర్టిఫికెట్ మీద రాలాయి.

"ఇప్పుడు నువ్వను నాయనా, వింటాం," అంటూ మైకు వాడి నోటి దగ్గర పెట్టింది.