బావ ఎంచిన బైనాక్యులర్

మా ఇంట్లో అద్దమున్న వస్తువు ఏది కొనాలన్నా మా బావ చెయ్యి పడాల్సిందే. బావంటే అక్క మొగుడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆయన పని. నా ముక్కు మీదున్న జోడు ఆయన చేసిందే. నా కళ్ళ నంబరు నాకు గుర్తుండదు, ఆయన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని బైనాక్యులర్ కొనడానికి ఇంకెవర్ని అడుగుతాను?

సరస్సు దగ్గర పిట్టల్ని చూపించే గైడు ఉద్యోగానికి ప్రకటన పడింది. తెల్లవారగానే గట్టు మీద పరీక్ష, బైనాక్యులర్ ఎవరిది వారే తెచ్చుకోవాలి. డాబా మీద బట్టలారేస్తూ ఇన్నేళ్ళూ నేను చూసింది ఆ పిట్టల్నే. ఎగిరే తీరును బట్టి పేరు చెప్పేస్తాను. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టుకునేదాన్ని కాబట్టి అక్క తన ఇద్దరు ఆడపిల్లల్ని రోజూ నా దగ్గర దింపి ఆఫీసుకు పోతుంది. పిల్లలంటే నాకు ప్రాణమే, కాదనను. కానీ నా పేరు రాసిన బ్యాడ్జీ ఒకటి చొక్కాకు తగిలించుకుని నలుగురిలో తిరగాలని ఉండదా? నాకుంది. ఆ ఉద్యోగం రాకపోతే బతుకంతా ఎవరో ఒకరి పిన్నిగానే గడిచిపోతుందని భయం కూడా వేసింది.

నేను దాచుకున్న డబ్బుకు మరీ గొప్పది రాదు, మరీ నాసిది కొననక్కర్లేదు. షాపతను ఇంచుమించు ఒకే ధరలో రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఎనిమిది రెట్లు దగ్గరికి తెచ్చేది, రెండోది పదహారు రెట్లు. నేను ఎనిమిది తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఎదుటి మేడ మీది పావురం కంటి చుట్టూ ఎర్రగీత కూడా కనిపించింది. అబ్బ, దించబుద్ధి కాలేదు.

"బావా, ఇది బాగుంది."

"ఎనిమిదేంటే, పిల్లలాట! అదే డబ్బుకి రెట్టింపు వస్తుంటే వదులుకుంటావా? పదహారు తీసుకో. అవతలి ఒడ్డు పిట్ట నీ ఒళ్ళో వాలుతుంది."

పదహారు ఎత్తి చూశాను. "ఇది చేతిలో వణుకుతోంది బావా. చుట్టూ నల్లగా కూడా ఉంది."

"కొత్త కదా, అలవాటైతే అదే సర్దుకుంటుంది."

షాపతను గొంతు సవరించుకున్నాడు. "అంటే సార్, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకి..."

"ఆ జోడు చేసింది నేనేనయ్యా," అన్నాడు బావ.

ఇంకేముంది, అతను నోరు మూసుకున్నాడు. నేనేమో మా బావంటే ఏమనుకున్నావన్నట్టు అతని వంక చూశాను. బుద్ధి లేకపోతే సరి! పదహారే కొన్నాను.

పరీక్ష రోజు వెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. గట్టు మీదికి పిల్లల్ని రానివ్వరు. కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒకావిణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. ఎప్పుడూ టోపీతో ఉండే ముసలి గైడు మా పరీక్షకుడు. అందరూ ఆయన్ని టోపీ మాస్టారంటారు.

"రెల్లులో ఎడం పక్క చూడండి. ఏంటది?"

అందరూ బైనాక్యులర్లెత్తారు. నేనూ ఎత్తాను. తాళం కప్ప కన్నంలోంచి చూసినట్టు ఇంత చీకటి, అందులో ఊగిపోతున్న రెండు రెల్లుపోచలు. పిట్టను వెతికి పట్టుకునేలోపు అది లేచిపోయింది. జోడు తీస్తే కాస్త నయమే, కానీ అసలు పిట్ట ఎక్కడుందో చూసుకోవాలంటే జోడుండాలి. తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం. నా అవస్థ చూసి పక్కనున్న కుర్రది నవ్వింది. దగ్గర్లో వాలినవి రెండు మాత్రం ఒట్టి జోడుతోనే గుర్తుపట్టాను. మిగతావన్నీ పోయాయి.

చివర్లో టోపీ మాస్టారు నా బైనాక్యులర్ అడిగి తీసుకుని ఒకసారి చూశారు.

"ఇది ఎవరు కొనిపించారమ్మా?"

"మా బావండీ. పాపం, ఆయనకి తెలియక..."

"ఏం చేస్తాడాయన?"

"కళ్ళద్దాలు చేస్తారు."

ఆయన దాన్ని మెల్లిగా నా చేతిలో పెట్టారు. "ఇది స్టాండుకి బిగించి చూసుకునేదమ్మా. జోడున్న కళ్ళకి అసలు పనికిరాదు. అద్దాలు చేసేవాడికి ఈ సంగతి తెలియకపోవడమా?"

ఆయన జాలిపడ్డట్టున్నారు. "రేపు ఇంకో జట్టుకి పరీక్షుంది. తెల్లారేసరికి రండి, నాది ఇస్తాను. రేపటితో ఆఖరు," అన్నారు.

అట్నుంచటే అక్క ఇంటికి పోయాను. సెలవు రోజు కావడంతో ఇద్దరూ ఉన్నారు. బావ భోజనం చేస్తున్నాడు.

"తెలిసే కొనిపించావా బావా?"

ఆయన నా వంక చూడలేదు. అక్క వంక మాత్రం చూశాడు. అక్క గరిటె కింద పెట్టింది.

"ఆయన్నేం అనకు. నేనే చెప్పమన్నాను. పొద్దున్నే నువ్వు పిట్టల వెంట పోతే పిల్లల్నెవరు చూస్తారే? ఊరూపేరూ తెలియనివాళ్ళకి అప్పగించనా? నేను ఉద్యోగం మానుకోనా?"

"ఉండిపోవే అని నోరు తెరిచి అడగొచ్చుగా అక్కా."

"అడిగితే ఉండేదానివా?"

ఏమో, ఉండేదాన్నేమో. ఇప్పుడెలా తెలుస్తుంది? పరాయివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి మరిచిపోతాం. వీళ్ళు నవ్వుతూ వెంటబెట్టుకుపోయి తడిగుడ్డతో గొంతు కోశారు. ఆ మాటే మొహాన అనేశాను. బావ చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"రేపు మళ్ళీ పోతున్నాను. పిల్లల్ని దింపొద్దు. ఒక్క పూట, అంతే," అన్నాను.

అక్క కూడా ఏడ్చింది. నా గడ్డం పట్టుకుంది. "తప్పయిపోయిందే. రేపు సెలవు పెడతాను. పిల్లల మీద ఒట్టు, నువ్వు వెళ్ళు."

కన్నపిల్లల మీద ఒట్టేసిన మనిషిని నమ్మకుండా ఎలా ఉంటాం? నమ్మాను. ఇంటికొచ్చి మర్నాటికి బట్టలు ఇస్త్రీ చేసుకున్నాను.

పొద్దున చీకటితోనే తయారై చెప్పులేసుకుంటుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. పెద్దది రెండు బ్యాగులూ మోస్తోంది. చిన్నదానికి ఇంకా నిద్ర తీరలేదు, గోడకానుకుని తూగుతోంది. మెట్ల మీద ఇంకెవరూ లేరు.

"అమ్మ ఏదే?" అన్నాను.

"వెళ్ళిపోయింది పిన్నీ," అంది పెద్దది. "తన బండి మలుపు తిరిగాకే బెల్లు కొట్టమంది."